గుట్ట మీది మీసాలు

17 ఆగస్టు 1998

ఈ డైరీ ఇవాళ మా మేనేజరు సురేంద్ర సారు ఇచ్చాడు. కొత్త సంవత్సరానికని అచ్చు వేయించి, పెద్దవాళ్లకు పంచి, మిగిలినవి ఆగస్టులో మా మొహాన కొట్టాడు. అట్ట మీద మా కంపెనీ జెట్టు బొమ్మ ఉంది, పెద్దవాళ్లను అద్దెకు తిప్పే చిన్న విమానం. ఏడు నెలల కాగితాలు ఎందుకు పాడుచేయాలని నేను జనవరి నుంచే రాస్తున్నాను, తారీఖు నేనే వేసుకుని. ఎవరైనా దొంగచాటుగా చదివితే నాలుక మీద కురుపు లేస్తుంది. ముఖ్యంగా స్వామికి. ఒరేయ్ స్వామీ, కాపలా కాయమన్నది గేటును, నా సంచిని కాదు.

కంపెనీ కాగితంలో నా ఉద్యోగం పేరు ఇంగ్లీషులో రెండు వరుసలుంది. చేసే పని గద్దలను తోలడం. రన్‌వే వేయకముందు ఇదే నేలలో జొన్నచేనుంటే మంచె మీద కూర్చుని పిట్టలను తోలేదాన్ని. అప్పుడు వడిసెల ఒక్కటే. ఇప్పుడు వడిసెల, పటాకుల పెట్టె, వాకీటాకీ, ఎండలో అర మైలు దూరానికి కనిపించే నారింజ రంగు కోటు. పిట్టలు అవే, తిట్లు అవే. కొండాపూర్ చౌరస్తాలో కోళ్ల దుకాణాల వాళ్లు పేగులు పారబోసినంత కాలం నా ఉద్యోగానికి ఢోకా లేదు.

ఇవాళ సౌజన్య మళ్లీ దిగలేకపోయింది. మా రన్‌వే పొట్టిది. పైగా దాని మొదట్లోనే గుట్ట, గుట్ట మీద ఏనుగంత బండ, బండ పక్కన నేను. వేరేచోట్ల విమానం చదునుగా జారుకుంటూ వచ్చి ఆనుతుందట. ఇక్కడ అలా వస్తే బండకు గుద్దుకుంటుంది. అందుకని చాలా పైనుంచి, ముక్కు కిందికి వంచి, డాబా మెట్లు దిగినట్టు నిటారుగా దిగాలి. దిగి తెల్లగీతల దగ్గరే చక్రం ఆనించాలి. గీతలు దాటితే ఆపడానికి నేల చాలదు, మళ్లీ పైకి లేపుకుని పోవాల్సిందే.

కెప్టెన్ పార్థసారథి గారికి అది చాయ్‌లో బిస్కెట్ ముంచినంత పని. సౌజన్య ఆయన పక్కన కూర్చునే పిల్ల. అనంతపురం నుంచి వచ్చింది. ఖాళీ జెట్టు ఆమె చేతికిస్తే నా నెత్తి దాకా బాగానే వస్తుంది. నా నెత్తి దాటగానే విమానం గాల్లో తేలిపోతుంది. గీతలు పోతాయి. ఇంజన్లు అరుస్తాయి. మళ్లీ పైకి.

నాకేంటి. నా జీతం గద్దలది.

18 ఆగస్టు

సురేంద్ర సారు బూటులో తొండను పెట్టాను. రబ్బరుది. కేక మాత్రం అసలుదే.

24 ఆగస్టు

అందరినీ హ్యాంగర్లో నిలబెట్టి సురేంద్ర సారు ఉపన్యాసం ఇచ్చాడు. మనిషి పొట్టి, కళ్లద్దాలు గుండ్రం, మీసం పొడుగు. రెండు చివర్లూ నూనె పెట్టి పైకి మెలితిప్పి ఉంటాయి, ఒకటి బెంగుళూరు వైపు ఒకటి బొంబాయి వైపు చూపిస్తూ. కడప మీసం.

"కెప్టెన్ గారికి నవంబరాఖరుకు రిటైర్మెంటు. ఆ లోపల ఢిల్లీ నుంచి పెద్ద సారొచ్చి, సౌజన్యను వెనక కూర్చుని పరీక్ష చేస్తాడు. ఆ పాప పాసయితేనే ఈ రన్‌వే మనకుంటాది. కాలేదనుకో, ఈ గుట్టెమ్మడి దిగే పైలట్టే మనకుండడు. జెట్టును బేగంపేటకు తోలుకపోతారు. ఇంగ మీ దారి మీరు చూసుకోవాల."

"మీ దారి ఎటు సారూ?" అన్నాను.

"నా సంగతి నీకెందుకు?"

"మీసాలు రెండు దిక్కులు చూపిస్తున్నయి గదా. ఎటు పోతవో తెలుస్తలేదు."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. సౌజన్య కూడా నవ్వలేదు. నేల చూస్తూ నిలబడింది.

తర్వాత చాయ్ దగ్గర కెప్టెన్ గారు ఆమెతో అంటుంటే విన్నాను. చాటుగా వినలేదు, పక్కనే నిలబడి విన్నాను.

"అమ్మాయ్, నీకు చెయ్యుంది, కన్నుంది. కానీ ఆ బండ కనపడగానే ఊపిరి బిగబట్టేస్తున్నావు. ఊపిరితో భుజాలు బిగుసుకుంటాయి. భుజాలు బిగిస్తే ముక్కు ముందే పైకి లేపేస్తావు. అంతకంటే జబ్బేమీ లేదు."

"నాకు తెలీకుండానే జరుగుతాంది సార్. దాటినాక చూసుకుంటే, నేను అసలు గాలే పీల్చుకోలేదని తెలుస్తాది."

"యాదమ్మ గారూ, మీరేమంటారండీ?" అని నా వైపు తిరిగాడాయన. నన్ను గారు అనే మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే. వెటకారమేమో అనుకుని మొదట్లో ఆయన చాయ్‌లో ఉప్పు వేశాను. తాగి, థాంక్సండీ అన్నాడు. అప్పటి నుంచి వేయడం మానేశాను.

"నాకేం ఎర్క సారూ," అన్నాను. "గద్దలకైతే పటాకి. మనుషులకు మందు నా పెట్టెల లేదు."

28 ఆగస్టు

సురేంద్ర సారుకు జ్ఞానోదయం అయింది. సౌజన్యకు దిష్టి తగిలిందట. గుమ్మడికాయ తెప్పించి, కుంకుమ పూసి, కర్పూరం వెలిగించి, తీసుకెళ్లి తెల్లగీతల మీద పగలగొట్టాడు. సరిగ్గా చక్రాలు ఆనే చోట. జెట్టు అటు వరంగల్ మీద ఉందని అప్పుడే రేడియోలో చెబుతున్నారు.

ఎర్రటి గుజ్జు చూసి కొండాపూర్ కాకులన్నీ పెళ్లికొచ్చినట్టు దిగాయి. వాటి వెనక గద్దలు. నేను గుట్ట దిగి, కోటు ఎగరేసుకుంటూ పరిగెత్తి, పటాకులు కాల్చి, చీపురుతో ఊడ్చి, గింజలు ఏరి, కొంగుతో తుడిచి, మళ్లీ గుట్ట ఎక్కాను. జెట్టు పైన రెండు చక్కర్లు ఎక్కువ కొట్టింది. సౌజన్య దిగబోయింది. మళ్లీ తేలిపోయింది.

సురేంద్ర సారు ఎవరినన్నాడో తెలుసా? నన్ను.

"నీ పక్షుల వల్లే ఆ పాప బెదిరిపోయింది. చేసేదొక్క పని, అదీ చాతగాదు."

నేను గుమ్మడికాయ ముక్క చేతిలో పట్టుకునే ఉన్నాను. కొట్టలేదు. అది నా గొప్పతనం.

తర్వాత చల్లబడి, "ఇట్లగాదు. ఆ బండకే దిష్టి బొమ్మ వేయించు. భయంకరంగా ఉండాల. దిష్టి అనేది గుట్ట దాటి లోపలికి రాగూడదు," అన్నాడు.

"ఎంత భయంకరంగ సారూ?"

"చూసినోడు అదిరిపోవాల."

"మీరు చెప్పినట్టే ఏపిస్త," అన్నాను.

ఆయన చెప్పాడు. నేను వేయిస్తాను. ఈ మాట ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

4 సెప్టెంబరు

మియాపూర్‌లో సినిమా బోర్డులు గీసే బుల్లిబాబును పట్టుకొచ్చాను. గోదావరి మనిషి. బండ చూసి ఆనందంతో చేతులు నలుపుకున్నాడు.

"ఇంత మొహం నేనెప్పుడూ గియ్యలేదండి. ఎవరి పోలిక రావాలండి?"

హ్యాంగర్ ముందు నిలబడి డ్రైవరును తిడుతున్న సురేంద్ర సారును వేలితో చూపించాను.

"ఆయ్," అన్నాడు బుల్లిబాబు. చాలాసేపు చూశాడు. "మీసం దగ్గర మాత్రం తగ్గేది లేదండి."

బొమ్మ బండకు అవతలి వైపు. రన్‌వే నుంచి ఎంత మెడ చాచినా కనిపించదు. ఆకాశం నుంచి దిగేవాళ్లకు తప్ప.

9 సెప్టెంబరు

పూర్తయింది. కొమ్ములు, కోరలు, గుండ్రటి కళ్లద్దాలు, జానెడు నాలుక కాదు, ఆరడుగుల నాలుక. మీసం ఈ చివరి నుంచి ఆ చివరికి నేను నడిచి చూశాను. సురేంద్ర సారు కింద నుంచి అరిచాడు, "ఏం యాదమ్మా, భయంకరంగా వచ్చిందా?"

"చూడలేకపోతున్న సారూ!" అన్నాను.

11 సెప్టెంబరు

ముందు కెప్టెన్ గారు దించారు. ఎప్పుడూ గీతల మీదే ఆనే చక్రం ఇవాళ గీతలకు అటు ఒకసారి ఇటు ఒకసారి గెంతింది. నేను గుట్ట దిగి పోయేసరికి తలుపు తెరుచుకుంది. ఆయన మెట్ల మీదే కూర్చుండిపోయాడు. కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. భుజాలు ఎగురుతున్నాయి. నాలుగేళ్లలో ఆయన పళ్లు నాకు కనిపించడం ఇదే మొదలు.

"ఏమైంది సార్?" అని సురేంద్ర సారు ఆదుర్దాగా పరిగెత్తాడు.

సురేంద్ర సారు మొహం దగ్గరగా చూసి కెప్టెన్ గారు మళ్లీ నవ్వు మొదలుపెట్టారు.

తర్వాత సౌజన్య. ఆమె కెప్టెన్ గారి పక్కనే కూర్చుని మొదటిసారి చూసింది కాబట్టి, ఈసారి అక్కడ ఏముంటుందో ఆమెకు తెలుసు. నేను మళ్లీ బండ పక్కన కూర్చుని "గుట్ట ఖాళీ, పక్షులు లేవు" అన్నాను. రోజూ అనే మాటే. వాకీటాకీలో నా మాట రేడియో గదికీ వినిపిస్తుంది, విమానానికీ వినిపిస్తుంది. జెట్టు నెత్తి మీదుగా దిగింది. తేలలేదు. కొంగ నీళ్లలో కాలు పెట్టినట్టు గీతల మీద కాలు పెట్టింది.

కిందికి వచ్చి సౌజన్య నా రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, నవ్వుతా ఊపిరి బిగబట్టలేమక్కా! నాకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదే!"

నేనేమీ ఆమె కోసం వేయించలేదు. సురేంద్ర సారు మీద కచ్చతో వేయించాను. ఉన్నమాట రాసుకోవాలి కదా.

15 సెప్టెంబరు

మళ్లీ గీతల మీదే.

16 సెప్టెంబరు

గీతల మీదే. చలవ కోసమని బండ మీద మజ్జిగ పోశాను. మీసానికి కొంచెం ఎక్కువ పోశాను.

22 సెప్టెంబరు

గాలి ఎదురు తిరిగినా గీతల మీదే. సురేంద్ర సారు హ్యాంగర్లో అందరికీ మిఠాయి పంచాడు. "చూసినారా, దిష్టి బొమ్మ మహిమ? ఐడియా ఎవురిది?" అన్నాడు. "మీదే సారూ, మొహం కూడా మీదే," అన్నాను. రెండో ముక్క జెట్టు చప్పుడులో కలిసిపోయేట్టు చూసుకున్నాను.

3 అక్టోబరు

అయిపోయింది.

బొంబాయి నుంచి ఒక సేటు వచ్చాడు. ఇక్కడికి దగ్గర్లో కొత్తగా కట్టిన గుండ్రటి పెద్ద బిల్డింగులో ఆఫీసు తీసుకుంటాడట. ముందు సీట్లో కూర్చుని, కాక్‌పిట్ తలుపు తెరిచే పెట్టించి, దిగుతుండగా చూశాడు. దిగీ దిగగానే సురేంద్ర సారు చెయ్యి పట్టుకుని ఊపాడు. "నీ బొమ్మ చాలా బాగుంది. ఇంత పెద్ద కంపెనీ బోర్డు నేనెక్కడా చూడలేదు. కొమ్ములు ఎందుకు పెట్టించావు?" అని హిందీలో అడిగాడు.

సురేంద్ర సారు గుట్ట ఎక్కాడు. ఈ నాలుగేళ్లలో ఎక్కడం ఇదే మొదటిసారి. అవతలి వైపుకు దిగాడు. నేను ఇవతలి వైపు వడిసెల అల్లుకుంటూ కూర్చున్నాను.

వచ్చాడు. అరుస్తాడని చూశాను. అరిస్తే నా దగ్గర జవాబులున్నాయి. చాలా రకాలు సిద్ధం చేసి పెట్టుకున్నాను.

"నేను నీకేం అన్యాయం జేసినాను యాదమ్మా?" అన్నాడు.

నేను వడిసెల ముడి విప్పి మళ్లీ వేశాను.

"బొంబాయోడు, నలుగురిలో..." అని ఆగి, "మా నాయన మీసం ఇది. ఆయన పోయినాక పెంచినా," అన్నాడు. తర్వాత మామూలు సురేంద్ర సారు అయిపోయి అరిచాడు. రేప్పొద్దున బండకు సున్నం. నాకు గుట్ట బంద్. గద్దల పని స్వామికి. నేను గేటు దగ్గర బండ్ల నంబర్లు రాయాలట.

ఎవరి మీసం అయితే ఏంటి. మీసం మీసమే.

5 అక్టోబరు

గేటు దగ్గర హాయిగా ఉంది. నీడ ఉంది. కుర్చీ ఉంది. గుట్ట ఎక్కే పని లేదు. మోకాళ్ల నొప్పులు లేవు.

6 అక్టోబరు

చాలా హాయిగా ఉంది.

9 అక్టోబరు

స్వామి పటాకిని అగరబత్తితో అంటించి, చెవులు మూసుకుని, పటాకి కంటే ముందే పారిపోతున్నాడు. గద్దలు నిలబడి చూస్తున్నాయి. గుట్ట మీద ఎవరీ కొత్త మనిషి అని నన్ను అడుగుతున్నట్టు ఒకటి గేటు దాకా వచ్చి పోయింది. నేను మొహం తిప్పుకున్నాను. నాకేంటి.

14 అక్టోబరు

సౌజన్య తేలిపోయింది. రెండుసార్లు.

17 అక్టోబరు

తేలిపోయింది.

20 అక్టోబరు

నిన్న దీపావళి. స్వామి ఇవాళ్టికి మిగుల్చుకోవాల్సిన పటాకులు కూడా ఇంటి దగ్గర కాల్చేశాడట. గాడిద.

సాయంత్రం డ్యూటీ దిగాక సౌజన్య నా వెంట కొండాపూర్ బస్టాపు దాకా నడిచింది. హోటల్ ముందు బల్ల మీద కూర్చుని చాయ్ తాగాం. ఆమె తాగలేదు, గ్లాసు తిప్పుతూ కూర్చుంది.

"తెల్లగా ఉండాదక్కా. అంతా తెల్లగా. అక్కడ మొహం ఉండేదని గుర్తు చేసుకోవాలని చూస్తా. గుర్తు చేసుకునే లోపలే బండ వచ్చేస్తాది."

"ఇంకెన్ని దినాలున్నయి పిల్లా?"

"నవంబరు మొదటి వారంలో వస్తారంట ఆ ఢిల్లీ సార్. మా ఇంట్లో ఇంకా చెప్పలేదక్కా. అనంతపురం మొత్తం మా నాన్న, నా కూతురే రేపట్నుంచి కెప్టెన్ అని చెప్పుకున్నాడు."

"ఏం చేస్తడు మీ నాయిన?"

"బస్సు డ్రైవరు. ఘాట్ రోడ్డు మీద. మలుపులంటే నవ్వుతాడు."

సారును నేను అడిగి చూస్తానని ఒక మాట నా నాలుక చివరికి వచ్చింది. మింగేశాను. ఈ పిల్ల కోసం సురేంద్ర సారు కాళ్లు పట్టుకునే ఆడదాన్ని కాను.

21 అక్టోబరు

సురేంద్ర సారు దగ్గరికి వెళ్లాను. కాళ్లు పట్టుకోలేదు. టేబులు పట్టుకున్నాను.

"సారూ, తప్పయింది. నన్ను గుట్ట మీదికి పంపుండ్రి. ఆ పిల్ల పరేషాన్‌ల ఉన్నది."

"నువ్వుంటే పోతాదా పరేషాను?"

"ఏమో. గద్దలైతే పోతయి."

ఆయన నా వైపు చూడకుండా ఫైలు తిప్పాడు. "గేటు కాడికి పో," అన్నాడు.

తప్పయింది అన్నానని రాశాను కదా. పూర్తిగా మనసులోంచి అనలేదు. సగం.

5 నవంబరు

ఇది ఎక్కువ రాయాలి. అక్షరాలు వంకరగా వస్తే రానీ.

ఢిల్లీ సారు నిన్నే దిగాడు. సన్నగా, ఇస్త్రీ చేసిన మొహం. పొద్దున్నే జెట్టు చుట్టూ తిరిగి చూశాడు. నవ్వడు, కోప్పడడు. బయల్దేరబోయే ముందు కెప్టెన్ గారు మెట్ల దగ్గర ఆగి, అందరి ముందూ సురేంద్ర సారుతో అన్నారు.

"నాకు గుట్ట మీద యాదమ్మ గారు కావాలండి."

"స్వామి ఉండాడు గదా సార్."

"స్వామి నాకొద్దండి. ఆవిడ అక్కడ కూర్చుని గుట్ట ఖాళీ అంటేనే నేను దిగుతాను. ఇన్నేళ్లూ అలాగే దిగాను."

ఢిల్లీ సారు గడియారం చూసుకున్నాడు. సురేంద్ర సారు నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

"గుట్ట ఖాళీ, పక్షులు లేవు. ఆ మాట తప్ప ఇంగొక్క మాట ఆ డబ్బాలో వినపడిందా, గేటు గూడా ఉండదు నీకు. ఇంటికే. అర్థమయిందా?"

"అయింది సారూ."

నారింజ కోటు వేసుకున్నాను. స్వామి చెమట కంపు. గుట్ట ఎక్కుతుంటే మోకాళ్లు నొప్పి పెట్టలేదు. బండ తెల్లగా, పిండి రాసుకున్న మొహంలా ఉంది. దగ్గరికెళ్లి చూస్తే సున్నం కింద ఒక కన్ను లీలగా తెలుస్తోంది. మీసం పూర్తిగా పోయింది.

గద్దలు నన్ను చూశాయి. పటాకి అవసరమే పడలేదు, వడిసెల తిప్పేసరికి మర్యాదగా లేచిపోయాయి.

జెట్టు వచ్చింది. సౌజన్య ఎడమ సీట్లో, కెప్టెన్ గారు కుడి సీట్లో, ఢిల్లీ సారు ఇద్దరి వెనక. "గుట్ట ఖాళీ, పక్షులు లేవు" అన్నాను. ముక్కు వంచుకుని దిగింది. అద్దాల్లో ఆమె మొహం కనిపించదు నాకు, అయినా కనిపించింది. నా నెత్తి దాటింది. తేలింది. గీతలు పోయాయి. ఇంజన్లు అరిచాయి. పైకి.

రెండోసారి కూడా లేపుకుపోతే పరీక్ష అక్కడితో సరి. అది అందరికీ తెలుసు. రేడియో గది కిటికీలో సురేంద్ర సారు నిలబడి ఉన్నాడు. ఇంత దూరానికి మనిషి కనిపించలేదు, మీసం కనిపించింది.

జెట్టు ఊరి మీదుగా చుట్టు తిరిగి మళ్లీ ఎదురుగా వచ్చింది. మొదట చుక్క. తర్వాత పిట్ట. రేడియో గదిలోంచి అడిగారు, "గుట్ట?"

నేను వాకీటాకీ నొక్కాను.

"గుట్ట ఖాళీ. పక్షులు లేవు."

ఇక్కడితో ఆపాలి. వేలు తీయాలి. వేలు తీయలేదు.

"కాకులు లేవు, గద్దలు లేవు. మన మీసాల సారు ఒక్కడే సున్నం కప్పుకొని పండుకున్నడు. గుర్రు పెడ్తున్నడు. జర మెల్లగ దిగు బిడ్డా, నిద్ర లేస్తే మనందరికీ పని చెప్తడు."

వేలు తీశాను.

గేటు కూడా పోయింది నాకు, ఇంటికే అనుకున్నాను. ఆ క్షణం నిజంగా ఇంటికి పోయినా ఫికర్ లేదనుకున్నాను. ఇది అబద్ధం కాదు.

అప్పుడు డబ్బాలో ఒక చప్పుడు. ఎవరో బటన్ నొక్కి వదిలారు. ఆ మధ్యలో ఒక ముక్క వినిపించింది, నీళ్లు పొలమారినట్టు. సౌజన్య నవ్వు.

జెట్టు నా నెత్తి మీదికి వచ్చింది. ఇంత దగ్గరగా పొట్ట, చక్రాలు, వేడి. కొంగు ఎగిరి మొహానికి కొట్టుకుంది. కొంగు తీసి చూసేసరికి అది దిగుతోంది. దిగుతూనే ఉంది. తేలలేదు. డాబా మెట్లు దిగినట్టు, ఆఖరి మెట్టు మీద కొంచెం ఆగినట్టు, గీతల మీద. సరిగ్గా గీతల మీద. రెండు చక్రాల దగ్గర రెండు చిన్న పొగలు.

నేను గుట్ట మీద గంతులేశానని స్వామి అందరికీ చెబుతున్నాడట. గంతులు కాదు. కాలికి చీమ కుట్టింది.

ఆ తర్వాత ఆమె మళ్లీ దిగింది, మళ్లీ దిగింది. ఢిల్లీ సారు అడిగినన్ని సార్లు, అడిగిన చోట. ఇక నేను మామూలు మాటే అన్నాను, గుట్ట ఖాళీ అని. అంతే చాలింది.

కింద ఢిల్లీ సారు సౌజన్యకు చెయ్యి ఇచ్చాడు. కెప్టెన్ గారు ఇద్దరి వెనకా నిలబడి ఆకాశం చూస్తున్నారు. ఢిల్లీ సారు నా కోటు చూసి, ఆ గుట్ట మీద ఆవిడ అంతసేపు ఏం చెప్పిందని ఇంగ్లీషులో అడిగాడట. కెప్టెన్ గారు తడుముకోకుండా జవాబిచ్చారట, "గుట్ట చాలా ప్రశాంతంగా ఉందని."

6 నవంబరు

సురేంద్ర సారు పిలిచాడు. సంచి సర్దుకునే వెళ్లాను. కోటు మడతపెట్టి టేబుల్ మీద పెట్టాను.

"కూర్చో," అన్నాడు.

నాలుగేళ్లలో ఆ కుర్చీలో కూర్చోమనడం ఇదే మొదలు. కుర్చీ మీద ఏమైనా పెట్టాడేమో చేత్తో తడిమి చూసి కూర్చున్నాను. ఏమీ లేదు. నేనైతే పెట్టేదాన్ని.

"గుర్రు పెడ్తానా నేను?"

"తెల్వదు సారూ. అందాజగ చెప్పిన."

"మా ఇంట్లోదానికి ఎట్ల తెలిసిందో, రాత్రి అదే అడిగింది. మీ గుట్ట మీదామెకు కూడా గుర్రు సంగతి తెలిసిపోయిందా అని." మీసం కింద పెదవి వణికింది. నవ్వు ఆపుకుంటున్నాడని అప్పటికిగానీ నాకు అర్థం కాలేదు. "రేడియో గదిలో నిలబడి ఉండా. నీ గొంతు విని ఉద్యోగం పీకేద్దామని నోరు దెరిచినా. నోరు దెరిస్తే నవ్వొచ్చింది. ఇంగేం పీకేది?"

కోటు నా వైపు తోశాడు.

"గుట్టకు పో. ఇంగోటి. ఆ సేటుతో కొమ్ములు నాకు లేవని చెప్పాల."

"కోరలు సారూ?"

"పో!"

12 నవంబరు

ఢిల్లీ సారు పోతూ పోతూ ఒక ముక్క చెప్పి వెళ్లాడట. బండ దూరం నుంచే తెలిసేలా ఎరుపు తెలుపు పట్టీలు వేయాలట. బుల్లిబాబు మళ్లీ వచ్చాడు. ఈసారి సురేంద్ర సారే గుట్ట దాకా తీసుకొచ్చి ఏదో చెప్పాడు. నన్ను చూసి ఇద్దరూ ఆపేశారు.

"ఏం గీస్తున్నవయ్యా?" అన్నాను.

"పట్టీలండి. ఆయ్. ఒట్టి పట్టీలేనండి."

అవతలి వైపుకు నన్ను రానివ్వలేదు. రంగు తడి ఆరలేదట. నాకేంటి.

28 నవంబరు

ఇవాళ కెప్టెన్ గారి ఆఖరి రోజు. ఆయన విమానం నడపలేదు. కుడి సీట్లో కూర్చున్నారు. ఎడమ సీట్లో కెప్టెన్ సౌజన్య. వెనక మేమంతా. స్వామిని గుట్ట మీద పెట్టి నన్ను ఎక్కించారు.

ఎక్కాలని నేనెప్పుడూ అనుకోలేదు. పదేపదే అడగలేదు. రెండుసార్లే అడిగాను.

కాక్‌పిట్ తలుపు తెరిచి ఉంది. ముందు సీట్లో నేను, నా పక్కన సురేంద్ర సారు. కూకట్‌పల్లి ఇళ్లు చీట్ల పేకముక్కల్లా ఉన్నాయి. గుండ్రటి బిల్డింగు గాజుల గంపలా మెరుస్తోంది. తిరిగి వచ్చేటప్పుడు ముక్కు వంగింది. ముందున్న వాళ్ల భుజాల మధ్యలోంచి నేల నిలువుగా లేచి నిలబడింది. రన్‌వే పక్కన నాలుగు లైట్లు, రెండు ఎరుపు, రెండు తెలుపు. అలా కనిపిస్తే దారి సరిగ్గా ఉన్నట్టని ఆమె ముందే చెప్పింది. స్వామి గొంతు వచ్చింది, "గుట్ట కాళీ... పచ్చులు లేవు." చీమంత నారింజ చుక్క. నేను కూర్చునే చోటు. ఇంత చిన్నదా.

గుట్ట మా మీదికి వస్తోంది. వస్తూనే ఉంది. ఇన్నేళ్లూ కింద కూర్చుని ఇది మెట్లు దిగడమే అనుకున్నాను. మెట్లు కాదు, బావిలోకి దూకడం.

"అక్కా," అంది సౌజన్య తల తిప్పకుండానే, "ఊపిరి."

అప్పుడు తెలిసింది, నేను బిగబట్టానని.

అప్పుడే బండ కనిపించింది. ఎరుపు పట్టీ, తెలుపు పట్టీ, ఎరుపు పట్టీ, ఎంతో మర్యాదగా, ఢిల్లీ వాళ్లు చెప్పినట్టే. నడిమి ఎర్రపట్టీ ఒక్కటి మాత్రం రెండు చివర్లా మెలితిరిగి పైకి లేచి ఉంది. ఒకటి బెంగుళూరు వైపు, ఒకటి బొంబాయి వైపు.

నవ్వాను. ఊపిరి దానంతటదే వచ్చింది. చక్రాలు గీతల మీద ఆనాయి. ఆనినట్టు కూడా తెలియలేదు.

సురేంద్ర సారు అటువైపు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆ వైపు చూడ్డానికి ఏమీ లేదు.

"బాగా వచ్చిందా?" అన్నాడు మెల్లగా, కిటికీతో అన్నట్టు.

"చివర్లు జర ఇంకింత పైకి ఉండాల్సింది సారూ," అన్నాను.